రెండేసి కార్డులున్న నెంబర్లు

నా దగ్గర ఒక చెప్పుల డబ్బా ఉంది. అందులో ఇంగ్లీషు పదాల కార్డులున్నాయి. ఒక్కో కార్డు మీద ఒక పదం, మూలన దాని నెంబరు. నెంబర్లు మొదటి నుంచి చివరి దాకా వరుసగా పోతాయి, ఒక్క చోట తప్ప. 341కీ 400కీ మధ్య ముప్పై నెంబర్లకు రెండేసి కార్డులున్నాయి. ఒకటి పల్చటి కాగితం, నా చేతిరాత. రెండోది మందపాటి అట్ట, అతని చేతిరాత. నెంబర్లు వేయడంలో నేను పొరపాటు చేయను. ఇవి కూడా పొరపాటున వచ్చినవి కావు.

అతను నా రూమ్మేట్. మణుగూరులో రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఎదురుగా ఉన్నప్పుడు ‘ఒరే’ అనే పిలిచేవాణ్ని. రాస్తున్నప్పుడు మాత్రం ‘వాడు’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇద్దరం ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాళ్లమే. ఒక కాంట్రాక్టరు కింద సబ్‌స్టేషన్‌లో పని. గంటగంటకూ మీటర్లు చూసి లాగ్ షీట్‌లో రాయాలి, లైను ట్రిప్ అయి కరెంటు ఆగితే పైవాళ్లకు ఫోన్ చేయాలి. మాది ముదిగొండ దగ్గర ఊరు. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. ఇప్పటికీ మిరప, పత్తి వేస్తాం. అతనిది చర్ల దాటాక అడవిలో ఉన్న కోయ ఊరు. వాళ్ల నాన్నకు అడవి కొట్టి పోడు చేసుకునే చేను కొంత ఉంది. ఇంట్లో కోయ మాట్లాడతారు. తెలుగు అతను బడికి వచ్చాక నేర్చుకున్నది. అంటే నాకు రెండో భాష అయిన ఇంగ్లీషు అతనికి మూడోది.

ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో జూనియర్ ఇంజనీర్ ఉద్యోగాలకు ఇద్దరం దరఖాస్తు పెట్టాం. అంతకుముందు ఒకసారి రాసి ఇద్దరం పోయాం. టెక్నికల్ పేపరులో ఇద్దరికీ మంచి మార్కులే. ముంచింది ఇంగ్లీషు. అందులోనూ పదాలు, అర్థాలు, వ్యతిరేక పదాలు అడిగే భాగం. తెలుగు మీడియంలో చదివిన మాకు ఆ పదాలు ఎక్కడా ఎదురుపడలేదు.

ఈసారి రాకపోతే ఎవరికి ఏమవుతుందో ముందే తెలుసు. నాకు రాకపోతే ఇంటికి పోయి ఇంకో ఏడాది చదువుకోవచ్చు, ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. ఎండాకాలానికి సగం మందిని తీసేస్తానని కాంట్రాక్టరు అప్పటికే చెప్పాడు. అతనికి ఈ ఉద్యోగం రాకపోతే ఊరికి పోయి నాన్నతో చేనులో దిగాల్సిందే. ఆ మాట అతను ఒక్కసారే అన్నాడు. “గీసారి రాకుంటే మళ్ల గొడ్డలి పట్టుడే.” నవ్వుకుంటూ అన్నాడు గాని, ఆ రోజు నుంచి సెలవు రోజున కూడా పుస్తకం వదల్లేదు.

కార్డుల పద్ధతి నాది. వాడేసిన లాగ్ షీట్ల వెనకవైపు ఖాళీగా ఉంటుంది. వాటిని స్కేలు పెట్టి ఒకే కొలతకు కోసేవాణ్ని. మొదటి వరుసలో పదం, రెండో వరుసలో తెలుగు అర్థం, మూడో వరుసలో దగ్గరి పదాలు, నాలుగో వరుసలో వ్యతిరేక పదం. వారంలో రెండు రోజులు కొత్తవి, రోజుకు పది కార్డులు. ఐదో వరుస అతను పెట్టించాడు.

“ఏంది సారూ గీ పదం?”

“టాసిటర్న్. తక్కువ మాట్లాడే మనిషి.”

“గట్లాంటోడు మనకెవలున్నరు?”

“అట్ల ఎవడన్నా చదువుతాడారా? అర్థం గుర్తుపెట్టుకో, చాలు.”

“మా నాయిన,” అన్నాడు. “పోయిన పండుగకు ఒక్కటే మాట మాట్లాడిండు. అది గూడ ఎద్దుతోటి.”

నవ్వాను. కాని ఆ పదం నేను మళ్లీ మర్చిపోలేదు. మర్నాటి నుంచి ప్రతి కార్డుకూ ఐదో వరుస వచ్చింది: ‘ఎవరు?’ అది నింపడం అతని పని. గారులస్, అంటే వాగుడుకాయ: మా ఇంటి ఓనరమ్మ. డిలేటరీ, ఆలస్యం చేసేది: చర్ల బస్సు. యుబిక్విటస్, ఎక్కడ చూసినా ఉండేది: మణుగూరు బొగ్గు దుమ్ము. మెటిక్యులస్, ప్రతి చిన్నదాన్నీ పట్టించుకునేవాడు: నేను. ‘సబ్బు మీద గూడ గీత పెట్టి వాడేటోడు’ అని పక్కనే రాశాడు. మొదటి 340 కార్డుల్లో నేను పదకొండు చోట్ల ఉన్నాను. నాలుగు పొగడ్తలు, ఏడు వెక్కిరింతలు.

కొత్త పది కార్డుల్లో ఎవరు ఏవి ముందు నేర్చుకుని రెండోవాడికి చెప్పాలో పంచుకునే పద్ధతి కూడా అతనిదే. ఐదేసి కార్డులు రెండు కుప్పలు పెట్టేవాడు. నన్ను గోడవైపు తిరిగి కూర్చోమనేవాడు. ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి అడిగేవాడు.

“ఇవి ఎవలకు?”

నేను చూడకుండా “నాకు” అనో “నీకు” అనో చెప్పాలి. కష్టమైన పదాలు ఎవరికి పడితే వాళ్లకు. గొడవ ఉండదు. వాళ్ల ఊళ్లో ఎండాకాలం కుంట ఎండుతున్నప్పుడు ఊరంతా దిగి చేపలు పట్టి ఇట్లాగే పంచుకుంటారట. ఇంటికొక కుప్ప. ఒకరు వెనక్కి తిరిగి నిలబడి ఏ కుప్ప ఏ ఇంటికో చెప్పాలి.

“దారిన పోయేటోడు ఆగి చూసినా వానికి గూడ ఒక కుప్ప ఉంటది,” అన్నాడు.

“అడగకపోయినా?”

“అడుగుడేంది? అడిగేదాక ఆగుతరా ఎవలన్న?”

నెంబరు 340 దాకా ఇట్లా సాగింది.

ఆ వారం రెండు రోజులు సెలవు పెట్టి ఇంటికి పోయాను. తిరిగి వస్తూ ఖమ్మంలో మా పెదనాన్న కొడుకు గదికి వెళ్లాను. అన్నయ్య అక్కడ కోచింగ్ తీసుకుంటున్నాడు. టీ తాగాక పరుపు కింద నుంచి ఒక జిరాక్స్ కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. అరవై ఇంగ్లీషు పదాలు.

“మా సార్ పాత పేపర్లన్నీ చూసి తీసిండు. మళ్లమళ్ల అడిగినవేనంట. మాకు తప్ప బయట ఎవరికీ ఇయ్యలే.”

“థాంక్స్ అన్నా.”

“నీ రూమ్మేటుకు ఇయ్యకు మళ్లా. వాళ్లకు కోటా ఉంది, ఎట్లైనా వస్తది. రానిది మనకే.”

నేను “అవ్” అన్నాను. ఒక్క అక్షరం కంటే కొంచెం ఎక్కువ. ఆ మాటకు అప్పుడే ఏదో ఒకటి జవాబు చెప్పి ఉండాల్సింది. నాలుగు నెలలు ఒకే కార్డు చూసి చదివినవాడికి కోటా వల్ల ఏ పదం అర్థం తెలుస్తుందని అడిగి ఉండాల్సింది. మణుగూరు బస్సులో కూర్చుని ఆ కాగితం మడతలు విప్పుతూ, మళ్లీ మడుస్తూ వచ్చాను. కొత్తగూడెం వచ్చేసరికి ఇవ్వకూడదని నిర్ణయం అయిపోయింది.

నాకు నేను చెప్పుకున్న కారణాలు మూడు. అన్నయ్యకు మాటిచ్చాను. అతను కూడా ఎక్కడో ఒక చోట నుంచి తెచ్చుకోవచ్చు. అతనికి కావలసిన మార్కులు తక్కువ. మూడింటిలో ఏదీ నిలబడదని నాకు అప్పుడే తెలుసు. మూడోది అన్నింటికన్నా అధ్వానం. ఎందుకంటే మా ఇద్దరి లిస్టులు వేరు. అతనికి ఉద్యోగం వస్తే నా లిస్టులో ఒక్క పోస్టు కూడా తగ్గదు. అతనితో నాకు పోటీయే లేదు. పోటీ ఉండి దాచి ఉంటే దాన్ని స్వార్థం అనొచ్చు. దీన్ని ఏమనాలో నేర్చుకున్న ఇన్ని పదాల్లో నాకు దొరకలేదు.

ఆ అరవై పదాలకూ కంట్రోల్ రూములో కూర్చుని, అతను లేని షిఫ్టుల్లో కార్డులు రాశాను. చెయ్యి అలవాటు కొద్దీ మూలన నెంబర్లు వేసుకుంటూ పోయింది. 341 నుంచి 400. ఐదో వరుసలో ‘ఎవరు?’ అని కూడా రాశాను. ఎదురుగా ఖాళీ. రబ్బరు బ్యాండు వేసి, కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పెట్టుకునే నా తోలు సంచిలో కింద దాచాను. ఆ సంచి మా గదిలో మేకుకు వేలాడుతుండేది. అతను దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు.

అవి పూర్తయ్యాక ఇద్దరికీ కలిపి రాసిన కార్డులు 401 నుంచి మొదలుపెట్టాను. దాచిన వాటికి నెంబర్లు వేయకపోయినా, కొత్తవాటిని 341 నుంచి వేసినా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఒకసారి వేసిన నెంబరు మళ్లీ వేయడం నా చేతికి రాదు.

అతను డబ్బా తెరిచి చూశాడు.

“ఒరే, మూడు వందల నలభై తర్వాత నాలుగు వందల ఒకటుందేంది? నడుమ అరవై కార్డులు ఏడికి పోయినయ్?”

“నెంబరు తప్పు పడిందిరా. దూకినట్టున్నా.”

“నువ్వా?”

అంతే అన్నాడు. నేను కార్డులు కోస్తున్నట్టు స్కేలు వైపు చూశాను.

“అవ్ లే,” అని డబ్బా మూసి, బియ్యం కడగడానికి లేచాడు.

తర్వాత మూడు వారాలు సెలవు రోజుల్లో గదిలో కనపడలేదు. కాలనీ లైబ్రరీకి పోతున్నానన్నాడు. నాకు మనసులో ఒకటే భయం, అన్నయ్య కాగితం సంగతి ఎవరైనా చెప్పారేమోనని. ఒక సాయంత్రం వచ్చి డబ్బా ముందేసుకుని జేబులోంచి అట్టముక్కల కట్ట తీశాడు. ఫ్యూజులు వచ్చే అట్టపెట్టెలు కోసి చేసిన కార్డులు. కొలత సరిగా లేదు, అంచులు వంకర. అరవై. 341 నుంచి 400 దాకా నెంబర్లు. ఇంగ్లీషు పత్రికల్లోంచి, డిక్షనరీలోంచి ఏరుకున్న పదాలు. ఐదు వరుసలూ నిండుగా ఉన్నాయి.

“ఖాళీ ఎందుకని నింపిన. నెంబర్లు తెగితే నీకు అన్నం సహించదు గద,” అన్నాడు.

తర్వాత కుప్పలు పెట్టాడు. ముప్పై, ముప్పై.

“తిరుగు.”

గోడవైపు తిరిగాను. నా ముక్కుకు జానెడు దూరంలో మేకు, మేకుకు తోలు సంచి. అందులో నా అరవై. చెయ్యి చాపితే అందుతుంది.

“ఇవి ఎవలకు?”

“నాకు,” అన్నాను.

ఆ గోడ మీద సున్నం ఎక్కడెక్కడ ఊడిందో ఇప్పటికీ గీసి చూపించగలను.

పరీక్ష ఖమ్మంలో, ఇద్దరికీ ఒకటే పూట. కంప్యూటర్ తెర మీద ఇంగ్లీషు భాగంలో పదాల ప్రశ్నలు తెరిచాను. ఎఫెమెరల్, కొద్దికాలమే ఉండేది. ఆనరస్, మోయలేనంత బరువైన పని. పర్ఫంక్టరీ, మనసు పెట్టకుండా మొక్కుబడిగా చేసేది. లూసిడ్, తేటగా ఉండేది. నాలుగూ అన్నయ్య ఇచ్చిన కాగితంలోవి. ఇంకొకటి కూడా తెలిసినది వచ్చింది. టెనేషస్, పట్టు వదలనిది. అది అతని అట్టముక్క మీది పదం. ‘ఎవరు? అమ్మ. గాలివానకు కప్పు లేస్తాంటే వాన ఆగేదాక వాసం పట్టుకొని నిలవడ్డది.’ జవాబు నొక్కుతున్నప్పుడు నాకు ఆ వాసమే కనపడింది.

బయటికి వచ్చాక చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాం.

“నాలుగు పదాలు ఎన్నడూ చూడనియి వచ్చినయ్‌రా. ఉత్తగ వదిలేసిన. నీకు తెల్సినయా?”

“లేదురా. నేను కూడా గుడ్డిగా కొట్టిన,” అన్నాను.

మొదటి అబద్ధం నెంబర్ల గురించి. ఇది రెండోది. మొదటిదానికి ఏదో కారణం వెతుక్కున్నాను. దీనికి అది కూడా లేదు.

ఫలితాలు వచ్చాయి. నాకు కావలసినదానికంటే ఐదు మార్కులు ఎక్కువ వచ్చాయి. అతనికి వాళ్ల లిస్టులో రెండు తక్కువ. ఒక్కో పదానికి ఒక్క మార్కు. ఈ లెక్కను నేను ఎన్నిసార్లు వేసినా ఒకటే వస్తుంది. ఆ నాలుగు పదాలు లేకపోయినా నాకు ఉద్యోగం వచ్చేది. వాటిలో రెండు చాలు, అతనికి వచ్చేది. నాకు అక్కరలేనిదాన్ని అతనికి లేకుండా చేశాను.

ఆ రోజు సాయంత్రం అతనే జిలేబీ పొట్లం తెచ్చాడు. “ఇంజనీరు సారూ, నోరు తెరువ్,” అని ఒకటి నా నోట్లో పెట్టాడు. ఓనరమ్మను పిలిచి ఆమెకూ పెట్టాడు. నెల తిరక్కుండానే కాంట్రాక్టరు తీసేసిన వాళ్లలో అతని పేరు వచ్చింది. ట్రంకు పెట్టె కట్టుకుని పోతూ కార్డుల డబ్బా నాకే వదిలాడు. “నువ్వు కోసినవి, నీ తాననే ఉండనీ.”

అప్పటికి నేను ఉద్యోగంలో చేరడానికి ఇంకా ఇరవై రోజులు టైముంది. పదిహేను రోజులు ఇంట్లో ఉన్నాను. అమ్మ ఊళ్లో అందరికీ చెప్పుకుంటోంది. మావాడు పట్టుదలతో చదివిండని ఆమె అన్నప్పుడల్లా నేను లేచి దొడ్లోకి పోయేవాణ్ని. పదహారో రోజు తోలు సంచిలోంచి కట్ట తీసి బ్యాగులో పెట్టుకుని భద్రాచలం బస్సెక్కాను.

చర్ల నుంచి ఆటో. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపారు. నేను కొత్త మొహం. బ్యాగు తెరవమన్నారు. కానిస్టేబుల్ కార్డుల కట్ట తీసి రబ్బరు బ్యాండు విప్పాడు.

“నెంబర్లేంది? ఏం కాగితాలివి?”

“ఇంగ్లీషు పదాలు సార్. పరీక్షకు చదివేవి.”

ఒకటి తీసి వెలుతురుకు పట్టి కూడబలుక్కుని చదివాడు. “ఎవరికి?”

“మా దోస్తుకు సార్. ఈ పక్క ఊరే.”

అతని మొహంలో అనుమానం పోయి నవ్వు వచ్చింది. “వీటికోసం గింత దూరమొచ్చినవా? ఫోటో కొట్టి వాట్సాప్ పెడితే అయిపోవు గద, నిమిషం పని.”

“అవును సార్,” అన్నాను. కార్డులు 341 నుంచి మళ్లీ వరుసలో పెట్టి రబ్బరు బ్యాండు వేశాను.

నేను పోయేసరికి ఊరంతా కుంట దగ్గరే ఉంది. అతను మోకాలి లోతు బురదలోంచి నన్ను చూసి అరిచాడు. “ఓ, సారొచ్చిండు!” చేపలు పట్టడం అయిపోయింది. గట్టు మీద ఆకులు పరిచి కుప్పలు పెడుతున్నారు. వాళ్ల నాన్న మాట్లాడకుండా నన్నొకసారి చూసి, చివరన ఇంకొక ఆకు వేసి, ప్రతి కుప్పలోంచీ ఒకటి రెండు చేపలు తీసి అందులో వేశాడు. అది నాది. నేను ఏమీ అడగలేదు.

వాళ్ల వాకిట్లో చేపలు కడుగుతున్నప్పుడు చెప్పాను. ముందు ఏం చెప్పాలో, తర్వాత ఏం చెప్పాలో బస్సులో వరుస కట్టుకున్నాను. ఆ వరుస నిలవలేదు. కట్ట తీసి అతని ముందు పెట్టాను.

“నెంబరు తప్పు పడలేదురా.”

“నాకెరికే,” అన్నాడు, చేప పొలుసు గీకుతూ.

“ఎప్పటి నుంచి?”

“గా రోజు నుంచే. నువ్వు నెంబరు తప్పేటోనివేనా?”

“మరెందుకు అడగలేదు?”

“అడిగితే ఇస్తుంటివి. అది నాకెరికే.” కత్తి పక్కన పెట్టాడు. “అడిగి తీసుకునేదైతే అది వాటా ఎట్లయితది? నువ్వే తీస్తవేమోనని అరవై కార్డులు రాసినన్ని దినాలు చూసిన.”

చేతులు కడుక్కుని వచ్చి కట్ట విప్పాడు. ఒక్కొక్కటే చదువుతూ పోయాడు.

“పరీక్షల ఏయేవి వచ్చినయ్?”

అన్నయ్య కాగితం సంగతి చెప్పి, నాలుగూ తీసి చూపించాను. వాటిని మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. లోపల నుంచి వాళ్లమ్మ కోయలో ఏదో అడిగింది. తర్వాత నాలుగింటినీ మిగతావాటిలో కలిపేసి, కలగలిపి, రెండు కుప్పలు పెట్టాడు.

“తిరుగు.”

తిరిగి కూర్చున్నాను. ఎదురుగా తడిక.

“ఇవి ఎవలకు?”

“నీకు.”

“ఇవి?”

“అవి కూడా నీకే.”

“గట్ల చెప్తే పంచుడెట్లయితది?” గొంతులో నవ్వు లేదు. “కూసున్నోనికి ఒక కుప్ప తప్పదు. మంచిగ చెప్పు. ఇవి ఎవలకు?”

“నాకు,” అన్నాను.

క్షమించానని అతను అనలేదు. నేనూ అడగలేదు. అన్నం తిన్నాం. సాయంత్రం ఆటో దాకా వచ్చి నా చేపల కుప్ప తాటాకులో చుట్టి ఇచ్చాడు. కొత్త నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో అడిగాడు. తెలియదన్నాను. “పడంగనే చెప్పు. కాగితం దొరికినా చెప్పు,” అన్నాడు.

ఇప్పుడు నేను ఉద్యోగంలో ఉన్నాను. వాళ్ల ఊళ్లో సిగ్నల్ అందదు. చర్ల అంగడి రోజున మాత్రం అతని ఫోన్ నుంచి ఫోటోలు వస్తాయి. అతనికి పడ్డ ముప్పై కార్డులకు ఐదో వరుస నింపి, వారానికి ఐదారు చొప్పున పంపాడు. ఎఫెమెరల్: కుంటలో నీళ్లు. ఆనరస్: పోడు. లూసిడ్: వాగు, వానలకు ముందు. పోయిన వారంతో ముప్పై పూర్తయ్యాయి. నేను అన్నీ వరుసలో పెట్టుకుని మొదటి నుంచి చూశాను. వాళ్ల నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, కాంట్రాక్టరున్నాడు, మణుగూరు ఓనరమ్మ కూడా రెండు చోట్ల ఉంది. నేను ఎక్కడా లేను. పొరపాటు పడ్డానేమోనని రెండోసారి లెక్కపెట్టాను.

నా ముప్పై డబ్బాలోంచి తీసి టేబుల్ మీద పెట్టుకున్నాను. పర్ఫంక్టరీ నా కుప్పలోకే వచ్చింది. ‘ఎవరు?’ అన్న చోట ఇంకా ఒక్క కార్డుకు కూడా రాయలేదు. చివరి ఫోటో కింద అతను మెసేజ్ పెట్టాడు: “నా వాటా అయిపోయింది. నీది ఎప్పుడు పంపుతవ్?”